సోమవారం నెత్తురు

"ఆ ఫైలు ఎక్కడ పెట్టారు?"

నా భార్య నాలుగోసారి అడిగింది. మొదటి మూడుసార్లూ ముందు "ఏమండీ" ఉంది. ఈసారి దాన్ని తీసేసింది.

అద్దంలోంచి చూశాను. బీరువా ముందు నేలమీద కూర్చుని ఉంది. ఎనిమిదో నెల కడుపుతో ఎవరూ అలా కూర్చోరు. చీరలు, దుప్పట్లు, తన బడిపిల్లల పాత నోటుపుస్తకాలు అన్నీ చుట్టూ పోసుకుని వెతుకుతోంది. తలకి తడిగుడ్డ కట్టుకుంది. గడ్డం మీద బ్లేడు ఆపకుండానే, నీ కాగితాలు నేనెందుకు ముట్టుకుంటానన్నాను.

అబద్ధం చెప్పేటప్పుడు చేతికి పనుంటే గొంతు వణకదు. మార్కెట్టులో కాటాలు బాగుచేస్తూ బతికేవాడికి ఈ మాత్రం విద్య అబ్బుతుంది.

ఫైలు నా దుకాణంలో ఉంది. పోయిన ఆదివారం నేనే పట్టుకెళ్ళి తూకంరాళ్ళ పెట్టె అడుగున దాచాను.

అందులో నాలుగు సోమవారాల నెత్తురు పరీక్ష కాగితాలున్నాయి. ప్రతి కాగితం అంచునా పెన్సిల్‌తో ఒక ముక్క రాసి ఉంది. రాసినవాడు ఆమె మేనత్త కొడుకు. ఆసుపత్రి సందు చివర ల్యాబు నడుపుతాడు. నేను సూదులాయన అంటాను. ఆమె బావ అంటుంది. ఆ రెండక్షరాలు ఆమె నోట్లో ఎంత మెత్తగా పలుకుతాయో నాకొక్కడికే తెలుసు.

"పోయినసారి కన్నా తగ్గింది. వచ్చే సోమవారం తప్పకుండా రా." ఇది ఒక కాగితం మీద. "కాళ్ళ వాపు ఎలా ఉంది? నిద్ర పడుతోందా?" ఇది ఇంకోదాని మీద. పెళ్ళయిన ఆడదానికి నిద్ర పడితే ఎంత, పట్టకపోతే ఎంత, నెత్తురు తీసేవాడికి? పైగా పెన్సిలు. చెరపడానికి వీలుండాలనుకునేవాడే పెన్సిలు పట్టుకుంటాడు.

ఒకప్పుడు వాళ్ళిద్దరికీ పెళ్ళి మాట నడిచింది. ఎందుకాగిపోయిందో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అతను తోసేసిన విస్తరి నా ముందు వేశారని పదిహేనేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. చెప్పగా చెప్పగా అది నిజమై కూర్చుంది.

అందుకే ఈ సోమవారం అతని ల్యాబుకి వెళ్ళొద్దన్నాను. మర్నాడు నేనే నాలుగురోడ్ల దగ్గర కొత్తగా తెరిచిన ల్యాబుకి తీసుకెళ్ళాను. రంగురంగుల కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. ప్లేట్‌లెట్లు ఒక లక్షా యాభై ఎనిమిది వేలు. పక్కనే, లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా మామూలే అని కూడా వేశారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణే గానీ అంకెలకు మాత్రం ఎవరికీ తీసిపోను.

ఆ కాగితాన్ని అప్పుడే ఆమె ముందు పెట్టి, చూశావా, అంతా మామూలే, నీ బావ నిన్ను వారం వారం రప్పించుకోవడానికే భయపెడుతున్నాడని అన్నాను. ఆమె కాగితం కేసి చూసి, నా కేసి చూసి, పక్క గదిలోకి వెళ్ళి పడుకుంది. బుధవారం ఆసుపత్రిలో డాక్టరమ్మ పాత కాగితాలేవని అడిగితే, మర్చిపోయి వచ్చామని నేనే జవాబిచ్చాను. బీపీ నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఎనిమిది ఉంది. కొంచెం ఎక్కువే గానీ కౌంటు హద్దులోనే ఉంది కదా, వారం తర్వాత రమ్మంది డాక్టరమ్మ. నా భార్య ఏదో చెప్పబోయింది. నేను కుర్చీ వెనక్కి లాగి లేచాను.

ఇవాళ శుక్రవారం. రెండు రోజుల్లో మా మధ్య నడిచిన మొదటి మాట ఆ ఫైలే.

"అది ఒక్క అంకె" అంది నేలమీద నుంచే. "ముందు వారాల అంకెలు పక్కన లేకపోతే దానికి అర్థం లేదు. నెత్తురు కారకుండా ఆపేవే ప్లేట్‌లెట్లు. బీపీ పెరుగుతూ అవి తగ్గుతూ ఉంటే..."

"పాఠం చెప్పకు. నేను నీ మూడో తరగతి పిల్లాణ్ణి కాను."

"వాళ్ళయితే ఒకసారి చెబితే వింటారు."

మా అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాన్పుకి సాయం ఉంటుందని రెండు నెలల కింద పిలిపించాను. వచ్చిన వారానికే నా భార్య పక్షం చేరింది.

"ఒరేయ్, నీ కాటా ముల్లులాగా అటూ ఇటూ ఊగకు. ఎక్కడుందో తెలిస్తే చెప్పు, లేకపోతే నువ్వు కూడా కూర్చుని వెతుకు" అంది.

అప్పుడు నా కన్ను నా భార్య ఎడమచేతి మీద పడింది. ఉంగరం లేదు. పెళ్ళినాడు తొడిగింది, ఇన్నేళ్ళలో ఒక్కపూట తియ్యలేదు.

ఉంగరం ఏదని అడిగాను. అక్కే చెప్పింది, నిన్న సాయంత్రం సబ్బు రాసి అరగంట లాగితే వచ్చిందని, వేళ్ళు అరటిపళ్ళయ్యాయని, ఇంకొక పూట ఆగితే కోయించాల్సి వచ్చేదని. నేను విన్నాను. కానీ పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే. ఉంగరం తియ్యడానికి వాపు మంచి సాకు దొరికిందని నా మనసు అప్పటికే అనేసుకుంది. ఆ మాట పైకి కూడా అన్నాను.

బయట ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

నా భార్య బీరువా తలుపు పట్టుకుని లేచింది. లేచాక కూడా ఆ తలుపు వదల్లేదు.

"నామీద అనుమానముంటే నాతో పోట్లాడండి. కాగితాలతో కాదు" అంది.

నేను చొక్కా వేసుకుని బయటపడ్డాను.

* * *

నా దుకాణం కూరగాయల మార్కెట్టు వెనక ఉంటుంది. ఎనిమిదడుగుల గది. ఆ పొద్దున బల్లమీద ఉల్లిపాయల కొట్టు కాటా ఉంది. పళ్ళెం ఖాళీగా ఉన్నా ముల్లు రెండు వందల గ్రాముల దగ్గర నిలబడుతోంది. పైభాగం విప్పి లోపలి దుమ్ము ఊదుతుంటే గుమ్మంలో నీడ పడింది.

"అన్నయ్యా."

వరసకు నేనతనికి అన్ననే. ఆ పిలుపులో వంక పెట్టడానికేమీ ఉండదు, అదే నాకు మంట. తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకున్నాడు. బయట స్కూటరు ఇంకా ఆపలేదు. ఇన్నేళ్ళలో నా దుకాణానికి రావడం అదే మొదలు.

"ఏం, నెత్తురు తూయించుకోవడానికి వచ్చావా?" అన్నాను.

నవ్వలేదు. "సోమవారం తను రాలేదు. నాలుగు రోజులు చూశాను."

"వేరేచోట చేయించాం."

"మంచిపని చేశారు. ఎంత వచ్చింది?"

మంచిపని చేశారట. అతనికి కోపం వస్తే నాకు కాస్త చల్లగా ఉండేది. "నార్మల్" అన్నాను.

"నార్మల్ అంకె కాదన్నయ్యా. ఎంత?"

చెప్పాను. చెప్పడంలో కొంచెం గర్వం కూడా ఉంది. లక్షా యాభై ఎనిమిది, హద్దులోనే ఉందని స్క్రూడ్రైవరుతో గాల్లో గీత కూడా గీశాను. అతని మొహంలో నెత్తురు దిగిపోవడం నా కళ్ళతో చూశాను. పోయిన సోమవారం తన దగ్గర లక్షా ఎనభై ఐదు ఉందన్నాడు. అంతకు ముందు వారం రెండు లక్షల పన్నెండు వేలట. బీపీ ఎంతుందని అడిగాడు. తలనొప్పి ఉందా, చూపు మసకేస్తోందా, పక్కటెముకల కింద నొప్పేమైనా ఉందా.

"నా పెళ్ళాం ఒంట్లో ఉన్న ప్రతి అంకె నీకు చెప్పాలా?"

అతను కోటు ఒక చేతి మీంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నాకు చెప్పొద్దు. డాక్టరమ్మకి చెప్పండి. నా ల్యాబుకి రానక్కర్లేదు, మీకు ఇష్టమైన చోట చేయించండి, కానీ ఇవాళే. అన్ని కాగితాలూ వరసగా పెట్టి ఆమెకి చూపించండి. నేను అంకె ఇవ్వగలను, అంతే. ఇది ఫలానా జబ్బు అని రాసే అధికారం నాకు లేదు. అందుకే అంచున పెన్సిల్‌తో రాస్తున్నాను, డాక్టరమ్మ చూసి అడుగుతుందేమోనని."

కాటా బాగుచేస్తాను గానీ దానిమీద ముద్ర వేసే అధికారం నాకూ లేదు, ఆ మాట నాకు బాగా తెలిసిన చోట తగిలింది. తగిలిన చోటు చూపించకూడదని తల వంచుకుని స్క్రూ బిగించడం మొదలుపెట్టాను. పని ఉందన్నాను. అతను కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. నా జేబులో ఫోను రెండుసార్లు మోగింది. ఇంటి నుంచి. ఇప్పుడు ఫైలు దొరకలేదని ఏడుస్తుందని ఎత్తలేదు.

తర్వాత చేసినపని మంచి బుద్ధితో చేసింది కాదు. పెన్సిలు కథకి దీటుగా ఇంకేదైనా దొరుకుతుందేమోనని, ఇంకొక్క మాట, మరదలనో, బంగారమనో రాసి ఉండకపోతుందా అని రాళ్ళ పెట్టె తీశాను. ఐదు కిలోల రాయి పక్కన పెట్టి, రెండు కిలోల రాళ్ళు పక్కన పెట్టి, అడుగున ఉన్న ఫైలు లాగాను. నాలుగు కాగితాలూ బల్లమీద తేదీల వరసలో పరిచాను. జేబులోని రంగుల కాగితం చివర పెట్టాను. పరచడం నా అలవాటు. ఏ కాటా బాగుచేసినా నాలుగైదు తూకాలు వరసగా రాసి చూస్తాను.

రెండు లక్షల అరవై ఒకటి. రెండు ముప్పై ఎనిమిది. రెండు పన్నెండు. ఒకటీ ఎనభై ఐదు. ఒకటీ యాభై ఎనిమిది.

ప్రేమ మాట ఒక్కటీ లేదు. నా కళ్ళు అంకెల మీదే ఆగిపోయాయి.

కాటా తప్పు రెండు రకాలు. ఒకటి ఊగిసలాట. ఒకసారి ఎక్కువ చూపిస్తుంది, ఇంకోసారి తక్కువ. దాన్ని పట్టించుకోను. దుమ్ము దులిపితే పోతుంది. రెండోది జారుడు. ప్రతిసారీ ఒకే వైపు, ఇంచుమించు ఒకే కొలత. విడివిడిగా చూస్తే ఏ తూకమూ హద్దు దాటదు. ముద్ర వేసే తూనికల ఇన్‌స్పెక్టరు కూడా సరేనంటాడు. కానీ లోపల స్ప్రింగు చచ్చిపోతూ ఉంటుంది. జారుడు కాటాని ఒక్కరోజు కూడా కొట్లో ఉంచొద్దని ఈ మార్కెట్టుకంతా చెప్పేవాణ్ణి నేను.

వారానికి పాతిక వేల చొప్పున నా ఇంట్లో జారుతుంటే, నేను చివరి తూకం ఒక్కటీ పట్టుకుని ఊరేగాను.

అప్పుడైనా లేవాలి. లేవలేదు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆ కాగితాల ముందు ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను. ఇవి పట్టుకుని వెళితే అతను చెప్పిందే నిజమవుతుంది, ఆమె కళ్ళలో అతనింకో మెట్టు ఎక్కుతాడు అన్నదొక్కటే ఆలోచించాను.

ఫోను మళ్ళీ మోగింది. ఎత్తాను. అక్క గొంతు ఎప్పుడూలేనంత నెమ్మదిగా ఉంది.

పక్కటెముకల కింద పోటు వచ్చిందని, రెండుసార్లు వాంతి చేసుకుందని, గోడమీది కేలండరులో అక్షరాలు అలుక్కుపోతున్నాయందని చెప్పింది. "ఎవర్ని పిలవనమ్మా అంటే నిన్నే పిలవమంది. నువ్వెత్తలేదు. ఇక నేనే ఆ ల్యాబతనికి చేశాను. ఆటోతో సహా వచ్చాడు. ఆసుపత్రిలో ఉన్నాం. ఒరేయ్, గుర్రపు వాతం, అదే ఒళ్ళంతా కొట్టుకునే మూర్ఛ, వస్తుందేమోనంటున్నారు. నువ్వు రా."

నన్నే పిలవమందట.

* * *

ఆ ఆసుపత్రి రెండంతస్తుల ఇల్లు. పడకలు పది. సొంత ల్యాబు లేదు. సందు చివర ఉన్న అతని ల్యాబే దానికి దిక్కు. నేను మెట్లెక్కేసరికి డాక్టరమ్మ గొంతు వరండాదాకా వినిపిస్తోంది.

బీపీ నూట డెబ్బై, నూట పది. నా భార్య ఎడమపక్కకి తిరిగి పడుకుని ఉంది. కళ్ళకి వెలుతురు తగలకుండా అక్క చెయ్యి అడ్డం పెట్టింది. మంచం అవతల సూదులాయన తలవంచుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ తిడుతోంది అతన్నే.

వారం వారం తగ్గుతుంటే తనకెందుకు తెలియలేదని అడుగుతోంది. బుధవారం ఆ వరస చూసి ఉంటే ఆ రోజే చేర్చుకునేదాన్నని, రెండు రోజులు పోయాయని, ఈ రెండు రోజులు ఎవరిస్తారని అడుగుతోంది.

"నాదే పొరపాటండీ" అన్నాడతను. "కాగితాలు నా దగ్గరే ఉండిపోయాయి."

నేను గుమ్మంలో ఉన్నాను. ఫైలు నా చంకలో ఉంది.

అతను నన్ను చూశాడు. ఫైలునీ చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

ఇక నీ కాగితాల మీద నాకు నమ్మకం లేదంది డాక్టరమ్మ. రేపటి నుంచి తన రోగుల్ని ఇంకెక్కడికైనా పంపుతానంది. దాచుకోవడమెందుకు, అతను మాటలు పడుతుంటే ఒక్క క్షణం నా ప్రాణానికి హాయిగానే ఉంది. పదిహేనేళ్ళ దాహానికి గుక్కెడు నీళ్ళు. నేను నోరు మూసుకుంటే చాలు, అతని ల్యాబు మూతపడుతుంది.

అక్క నా కేసి చూస్తోంది. నా భార్య కళ్ళు మూసుకునే ఉంది.

ముందుకెళ్ళి ఫైలు బల్లమీద పెట్టాను.

"ఇవి అతని దగ్గర లేవు. నేనే దాచాను" అన్నాను.

పశ్చాత్తాపంతో అన్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. తప్పు మీదేసుకున్న మంచిపేరు కూడా అతనికే దక్కుతుంటే చూడలేక అన్నాను. నాకు మిగిలింది నా తప్పొక్కటే, అది కూడా అతనికి ఇవ్వదలుచుకోలేదు.

డాక్టరమ్మ ఎందుకని అడగలేదు. వరసగా ఉన్న కాగితాలు వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ చూసింది. తర్వాత మాటలు గబగబా దొర్లాయి. మూర్ఛ రాకుండా సూది మొదలుపెట్టారు. బిడ్డని ఇవాళే తియ్యాలి, ఆగితే ఇద్దరికీ ముప్పే. కానీ ముందు ఇప్పటి కౌంటు కావాలి, ఈ నాలుగు చూసిన యంత్రం మీదే కావాలి. లక్ష పైన ఉంటే వెన్నుకి మత్తు ఇచ్చి ఇక్కడే ఆపరేషను. తగ్గితే ఇక్కడ కుదరదు, నెత్తురు ఎక్కించే వసతి ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ముప్పావు గంట దారి.

"దారిలో ఏమన్నా అయితే?" అంది అక్క.

డాక్టరమ్మ ఆంబులెన్సు డ్రైవరుని కిందే ఉండమనండని నర్సుతో అంది.

నేను మంచం దగ్గరకెళ్ళాను. రెండోవైపు నుంచి అతనూ ఒక అడుగు వేశాడు. నా భార్య కళ్ళు తెరిచింది. మొహమంతా ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయి, నాకు తెలిసిన మనిషిలా లేదు.

"వదిన ఉంటే చాలు. మీరిద్దరూ బయటికెళ్ళండి" అంది.

* * *

వరండాలో ఒకటే బెంచీ. ఇద్దరం నిలబడే ఉన్నాం. లోపల నర్సు నెత్తురు తీస్తోంది. ఇన్నాళ్ళూ ఆ పని అతనిదే. ఇప్పుడు ఆ చేతులు కిటికీ చువ్వల్ని పట్టుకుని ఉన్నాయి.

"ఎందుకు మీదేసుకున్నావు?" అన్నాను.

"తనకి బీపీ అంత ఉండగా మీ ఇద్దరికీ అక్కడ గొడవ వద్దనిపించింది."

"నన్ను చూసి జాలిపడ్డావు."

"లేదన్నయ్యా. మీ మీద నాకెప్పుడూ జాలి లేదు." చువ్వలు వదిలి నా కేసి తిరిగాడు. "మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పెళ్ళి నేను వద్దనలేదు. కావాలనే అన్నాను. తనే వద్దంది. అదే వారం మీ సంబంధం వస్తే సరేనంది. మీ మీద నాకు పదిహేనేళ్ళుగా కడుపుమంట. మీకొక్కరికే ఉందనుకుంటున్నారా?"

బెంచీ మీద కూర్చున్నాను. నమ్మితే పదిహేనేళ్ళు దండగ. నమ్మకపోతే మళ్ళీ పాత మంట. మరి ఆ పెన్సిలు మాటల్లో నిద్ర సంగతెందుకని అడగాలనిపించింది. అడిగితే అతను నిజమే చెబుతాడని భయం వేసింది.

తలుపు తెరుచుకుంది. నర్సు చేతిలో ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టం ఉంది. భర్త ఎవరని అడిగింది. నేను లేచాను. దాన్ని నా అరచేతిలో పెట్టి, పది నిమిషాల్లో అంకె కావాలందామె.

వెచ్చగా ఉంది.

స్కూటరు అతను నడిపాడు. నేను వెనక కూర్చున్నాను. గడ్డకట్టకుండా మెల్లగా అటూ ఇటూ వంచుతూ ఉండమన్నాడు. వంచుతూ ఉన్నాను. సందులో రెండు గుంతలు వస్తే రెండుసార్లూ ఒక చేత్తో అతని భుజం పట్టుకున్నాను. ఏ ల్యాబు గుమ్మం తొక్కొద్దని ఆమెకి చెప్పానో ఆ గుమ్మం నేనే చెప్పులతో దాటాను.

అతను కోటు వేసుకోలేదు. యంత్రం కింద సూది మొనకి గొట్టం అందించి మీట నొక్కాడు. లోపల ఏదో నీళ్ళు పీల్చిన చప్పుడు. ఒక నిమిషం. చీటీ బయటికొచ్చింది. అతను చించి, చూసి, నా చేతికిచ్చాడు.

డెబ్బై నాలుగు వేలు.

నేను మాట్లాడేలోపు గొట్టం మూత బిగించి వెలుతురుకి ఎత్తి చూశాడు. సన్నని గడ్డ ఉన్నా అంకె తప్పు రావచ్చన్నాడు. మెల్లగా ఎనిమిదిసార్లు తిప్పి, మళ్ళీ సూది కింద పెట్టాడు. తూకం నచ్చనప్పుడే ఎవరైనా రెండోసారి తూస్తారు. ఈ మనిషి పొరబడాలని ఎన్నో సోమవారాలు కోరుకున్నాను. అంతకు వెయ్యింతలు ఇప్పుడు కోరుకున్నాను.

బల్లమీద ఫోను మోగింది. అతను యంత్రం మీంచి చెయ్యి తియ్యలేదు. నన్ను ఎత్తమని తల ఊపాడు.

"ఎంత వచ్చింది?" డాక్టరమ్మ.

రెండో చీటీ కోసం ఆగమనవచ్చు. ఇంకా రాలేదని చెప్పవచ్చు. అలాంటి మాటలు నాకు బాగా వచ్చు.

"డెబ్బై నాలుగు వేలు" అన్నాను. "మళ్ళీ చూస్తున్నారు. కానీ మీరు ఆగకండి, ఇది వచ్చిన అంకె."

డాక్టరమ్మ వెనకాల మా అక్క గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఇటు చూడమ్మా, నా కేసి చూడు" అంటోంది. అదే మాట మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. ఇనపమంచం నేలకి కొట్టుకుంటున్న చప్పుడు మొదలైంది. ఫోను ఎవరూ పెట్టెయ్యలేదు. దాన్ని అలాగే వదిలేసి పరిగెత్తుతున్న అడుగులు వినిపించాయి.

నేను అతని మొహం చూశాను. అతను నా మొహం చూశాడు. యంత్రంలోంచి రెండో చీటీ బయటికి రావడం మొదలైంది.